పేపరుకింత, ఆపరేషనుకింత

మా లైబ్రరీలో నా చేతి మీదుగా మూడు రకాల సర్టిఫికెట్లు వెళ్తాయి. పుస్తకాల బాకీ లేదని ఒకటి. థీసిస్‌లో వేరేవాళ్ల రాత ఎంత శాతం కలిసిందో చెప్పేది ఒకటి. ఫలానా అధ్యాపకులకు స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేసులో ఇన్ని పేపర్లు, ఇన్ని సైటేషన్లు (వాళ్ల పేపర్లను వేరేవాళ్లు తమ రాతల్లో ఎత్తిచూపిన సార్లు), ఇంత హెచ్-ఇండెక్స్ అని చెప్పేది మూడోది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మూడోదాని ఊసే లేదు. ఇప్పుడు అది లేని ప్రమోషన్ ఫైలు సెక్షన్ గుమ్మం దాటదు.

కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం మా అటెండరు ఫైలొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నాలుగింటి లోపట సెక్షన్ల ఇయ్యాల్నంట సార్. రేపే కమిటీ ఉన్నదంట." హెల్త్ ఎకనామిక్స్, అంటే వైద్యం వెనక ఉన్న డబ్బు లెక్కల శాస్త్రం, చెప్పే మేడం ఫైలు అది. ఏ యూనివర్సిటీ అని అడక్కండి, హైదరాబాద్‌లో ఉన్నవాటిలో ఒకటి.

పేరు కొట్టాను. మేడం ఒక్కరే, తెర మీద ముగ్గురయ్యారు. మొదటి ఆవిడకు 14 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 9. రెండో ఆవిడకు 6 పేపర్లు. మూడో ఆవిడకు 3, అందులో ఒకటి విదేశీ మెడికల్ జర్నల్‌లోది. ఇది మన పేర్లతో వచ్చిన తంటా. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు పొడి అక్షరంగా. ఆ డేటాబేసు లెక్కలో చివర ఉన్నదే ఇంటిపేరు. ఒక జర్నల్‌ వాళ్లు ఇంటిపేరు పూర్తిగా రాయమన్నారు, ఇంకో జర్నల్‌ వాళ్లు ఉన్నదాన్ని తిరగేసి అచ్చు వేశారు, పెళ్లైన తరవాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మారింది. మూడుసార్లు మూడు రకాలుగా అచ్చయిన మనిషిని కంప్యూటరు ముగ్గురనే అనుకుంటుంది.

ముగ్గుర్నీ కలపమని అర్జీ పెట్టాను. అది ఆ సాయంత్రానికి తేలే పని కాదు. మేడంకు ఫోన్ చేసి విషయం చెప్పాను. "ఉన్నదున్నట్టు ఇచ్చేయండి. కేస్ షీట్‌లో ఎక్కని జ్వరం జ్వరం కాదని క్లాసులో నేనే చెప్తుంటాను కదా" అని నవ్వారు. 9 అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు కొట్టి పంపాను. మూడు వారాలకు మెయిల్ వచ్చింది, ప్రొఫైళ్లు కలిపేశామని. హెచ్-ఇండెక్స్ 12. ఆ మూడు వారాల్లో ఆవిడ చేసింది సెమిస్టర్ పేపర్లు దిద్దడమే. కమిటీ ఎప్పుడో లేచిపోయింది.

హెచ్-ఇండెక్స్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పేపర్లన్నిటినీ సైటేషన్లు ఎక్కువున్న దాని నుంచి తక్కువున్న దాని వరకు వరసగా పేర్చండి. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ కిందికి రండి. తొమ్మిదో పేపరుకు కనీసం తొమ్మిది సైటేషన్లు ఉండి, పదోదానికి పది లేకపోతే మీ అంకె 9. అంతే. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో దీన్ని ప్రతిపాదించాడు. దీనివల్ల తీవ్రమైన చెడు పరిణామాలు కూడా ఉండొచ్చని 2020లో ఆయనే రాశాడు. అప్పటికి అది మా సెక్షన్ ప్రొఫార్మాలో ఏడో కాలమ్ అయి కూర్చుంది.

ఈ అంకె మీద ఫిర్యాదులు అన్ని శాస్త్రాలవాళ్లకూ ఉన్నాయి. నా మాట కొంచెం వేరు. హెల్త్ ఎకనామిక్స్ వాళ్లను ఇలా కొలవడం మిగతావాళ్లను కొలవడం లాంటిది కాదు. లెక్కపెట్టి డబ్బులిస్తే ఏమవుతుందో అరవై ఏళ్లుగా లోకానికి చెబుతూ వస్తున్నది వాళ్లే. వాళ్ల పాఠాన్ని వాళ్ల మీదే తలకిందులుగా అమలు చేస్తున్నాం మనం.

ఈ శాస్త్రం నా చదువు కాదు. మా బావ గుండె నొప్పితో దాని దగ్గరికి వెళ్లాను. నాలుగైదేళ్ల కిందట ఆయన్ని నగరంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని ఆరోగ్యమిత్ర కౌంటరు ముందు వరసలో నిలబడ్డాను. లోపల డాక్టరు స్టెంట్ వెయ్యాలన్నాడు, రెండు వెయ్యాల్సి రావచ్చు అన్నాడు. బావ స్ట్రెచర్ మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని, "నువ్వు సదువుకున్నోనివి గదా, ఎయ్యాల్నా వద్దా నువ్వు చెప్పు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా లైబ్రరీలో ఉన్నాను, లక్ష పుస్తకాలకు తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. ఏం చెప్పాలో తెలియలేదు. "డాక్టరు చెప్పింది చేద్దాం బావా" అన్నాను. వేరే మాట ఏముంది?

ఆ సంగతి తరవాతెప్పుడో మేడంతో చెప్తే, మర్నాడు ఒక జిరాక్స్ తెచ్చి ఇచ్చారు. కెనెత్ ఆరో అనే ఆర్థికవేత్త 1963 డిసెంబరులో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో రాసిన వ్యాసం. వైద్యం మామూలు సరుకు ఎందుకు కాదో అందులో ఉంది. బేగంబజార్‌లో చింతపండు కొనేటప్పుడు ఒక రెబ్బ నోట్లో వేసుకుని చూస్తాం, నచ్చకపోతే పక్క కొట్టుకు పోతాం, బేరమాడతాం. ఎంత కావాలో మనకు తెలుసు. వైద్యంలో ఏం కావాలో మనకు తెలియదు, అమ్మేవాడే చెప్పాలి. జబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, మందు పనిచేస్తుందో లేదో తెలియదు. ఆ అనిశ్చితి వల్లే ఈ రంగంలో నమ్మకం, లైసెన్సులు, వృత్తి ధర్మం, బీమా ఇలాంటివి పుట్టుకొచ్చాయని ఆరో వాదన. స్ట్రెచర్ పక్కన నాకు నోట మాట రాని ఆ అర నిమిషాన్ని ఈ మనిషి నేను పుట్టకముందే రాసి పెట్టాడు.

ఈ శాస్త్రానికి పునాది ఎక్కడంటే ఎక్కువమంది ఆ వ్యాసాన్నే చూపిస్తారు. అది రాసిన ఆరోకు 1972లో నోబెల్ వచ్చింది వేరే పనికి. ఆరోగ్య రంగం మీద ఆయన రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హెల్త్ ఎకనామిక్స్ వరకే తీసుకుని సర్టిఫికెట్ ఇవ్వమంటే, ఆ శాస్త్రానికి మూలపురుషుడికి మా కమిటీలో అసోసియేట్ ప్రొఫెసర్ కూడా అనుమానమే.

ఆరో కంటే కొంచెం ముందు, 1959లో, మిల్టన్ రోమర్ అనే ప్రజారోగ్య పరిశోధకుడు ఆస్పత్రి మంచాల మీద ఒక సంగతి గమనించాడు. మంచం వేస్తే చాలు, అది నిండుతుంది. అక్కడి నుంచి ఈ శాస్త్రంలో ఒక పెద్ద పాయ మొదలైంది: వైద్యుడికి ఆపరేషనుకింత అని ఇస్తే ఆపరేషన్లు పెరుగుతాయా, జీతమిస్తే తగ్గుతాయా, మొత్తం జబ్బుకు ఒక ప్యాకేజీ కడితే ఏమవుతుంది? దీనికి ఉదాహరణ కోసం మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్లకార్డు ఉన్నవాళ్లు ఎన్నడూ గడప తొక్కని ఆస్పత్రుల్లో గుండె ఆపరేషన్లు చేయించుకున్నారు. నేను దాన్ని చిన్నచూపు చూడను. మా బావ బతికున్నాడంటే ఆ కార్డు చలవే. కానీ ప్రొసీజరుకింత అని రేటు కట్టిన చోట ప్రొసీజర్లు పెరిగాయన్న విమర్శ కూడా అదే పథకం మీద వచ్చింది. గర్భసంచి తీసివేత ఆపరేషన్ల మీద గొడవ లేచాక, పథకం కింద వాటిని ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అవసరం లేని కోత కోయించుకున్న ఆడవాళ్లు మా పాలమూరు చుట్టాల్లోనూ ఉన్నారు. ముప్పై దాటని వయసులో.

ఇప్పుడు ఇదే కథలో డాక్టరు బదులు లెక్చరర్‌ని, ఆపరేషన్ బదులు పేపర్‌ని పెట్టి చూడండి.

యూనివర్సిటీలకు పైనున్న యూజీసీ 2010లో అధ్యాపకుల పనిని పాయింట్లలో కొలిచే ఏపీఐ స్కోరు తెచ్చింది. పేపరుకిన్ని పాయింట్లు, పుస్తకానికిన్ని, సెమినార్‌కిన్ని. ఏమైంది? రోమర్ మంచాల్లాగే జర్నళ్లు నిండాయి. నిండడానికి కొత్త జర్నళ్లు పుట్టాయి. ఈ వ్యాపారంలో మన ఊరి పేరు ప్రపంచమంతా మోగింది, గర్వపడే రకంగా కాదు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. జరగని పీర్ రివ్యూ (అచ్చుకు ముందు తోటి నిపుణులు చదివి పరీక్షించడం) జరిగిందని చెప్పడం, ఫీజు సంగతి దాచిపెట్టడం లాంటి అభియోగాలు. 2019లో అక్కడి కోర్టు 50.1 మిలియన్ డాలర్లు కట్టమని తీర్పిచ్చింది. ఆ ఏడాదే యూజీసీ మంచి జర్నళ్ల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఆ మధ్యకాలంలో నా ఫోను మోగని రోజు లేదు. "సార్, ఈ జర్నల్ కేర్‌లో ఉందా?" అని అడిగినవాళ్లే అందరూ. అందులో ఏముందని అడిగినవాళ్లు నాకు గుర్తున్నంతలో లేరు.

ఆస్పత్రిలో చేసే చిల్లర లెక్కలన్నీ ఇక్కడా ఉన్నాయి. ఒక ఆపరేషన్‌ను మూడు బిల్లులుగా విడగొట్టినట్టు ఒకే సర్వేను జిల్లాకో పేపరుగా కోస్తారు. పల్లెలో ఆర్‌ఎంపీకి పేషెంటుకింత కమిషన్ ముట్టినట్టు ఇక్కడ సైటేషన్ ముడుతుంది: నువ్వు నా పేపరు ఎత్తిచూపు, నేను నీది ఎత్తిచూపుతా. అవసరం లేని స్కానింగ్ ఎలాగో, రిఫరెన్సుల జాబితాలో కొన్ని పేర్లు అలాగ. ఏ హెల్త్ ఎకనామిస్టును నిద్రలేపి అడిగినా ఇవన్నీ వరస తప్పకుండా చెప్తాడు. లేచాక మాత్రం తన ఫైలు పట్టుకుని నా దగ్గరికే వస్తాడు.

ఈ రంగానికి ఇంకో చిక్కు ఉంది. దాని ఒక కాలు ఎకనామిక్స్‌లో, ఒక కాలు మెడిసిన్‌లో. రెండు ఊళ్లలో రెండు తూకాలు. ఎకనామిక్స్ జర్నల్‌కు పంపిన పేపరు అచ్చవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఇద్దరో ముగ్గురో రాస్తారు. పేర్లు చాలావరకు అక్షరక్రమంలో వేస్తారు. మెడికల్ జర్నల్‌లో నెలల్లో తేలుతుంది, పదిమంది రాస్తారు, మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు పెద్దవాళ్లది. మా మేడం ఇంటిపేరు ఇంగ్లిషులో వై అక్షరంతో మొదలవుతుంది. ఎకనామిక్స్ పేపర్లన్నిటిలోనూ ఆవిడే చివర. "ఫస్ట్ ఆథర్ ఎన్నింట్లో?" అని ప్రొఫార్మా అడుగుతుంది. ఒక్కదానిలోనూ కాదు. నేనేం రాయాలి, వాళ్ల తాతగారు ఇంటిపేరు చూసుకుని పుట్టలేదనా? ఇది నవ్వులాట కాదు. అమెరికాలో పేరున్న ఎకనామిక్స్ విభాగాల్లో, ఇంటిపేరు అక్షరక్రమంలో ముందుండేవాళ్లకు ఉద్యోగం పర్మనెంటయ్యే అవకాశం ఎక్కువని 2006లో ఎయినావ్, యారివ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించారు.

మెడిసిన్ వైపు ఇంకో వింత. ప్రపంచంలో ఏ జబ్బు ఎంత ఆయుష్షు తింటోందో లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ అనే మహా ప్రాజెక్టు ఉంది. దాని లెక్కలు 1993 ప్రపంచ బ్యాంకు నివేదికతో వెలుగులోకి వచ్చాయి. ఇప్పుడు లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చే దాని పేపర్ల మీద వందల పేర్లుంటాయి, వాటికి సైటేషన్లు వేలల్లో. ఆ వేలు మొత్తంగా ఆ వందలమందిలో ప్రతి ఒక్కరి ఖాతాలోనూ పడతాయి. పెళ్లి భోజనానికి వచ్చిన ఐదొందల మందీ మొత్తం ఖర్చు నేనే పెట్టానని రాసుకున్నట్టు. ఆ పని గొప్పదే, కాదనను. కానీ అందులో పేరున్న ఒక కుర్రవాడి అంకె, పదేళ్లు కూర్చుని రాసిన మేడం అంకెకు మూడింతలుంటే ఆ తేడా దేన్ని చెబుతోంది?

సరే, అంకె వదిలేసి ప్రభావం ఎక్కడుందో చూద్దాం. మనదేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి తగ్గిందని కేంద్ర ప్రభుత్వం వేసే నేషనల్ హెల్త్ అకౌంట్స్ నివేదిక చెబుతుంది. ఈ రెండు అంకెలు చట్టసభల్లో వినిపిస్తాయి, పేపర్లలో వస్తాయి, పోటీ పరీక్షల్లో అడుగుతారు. అవి నిజంగా అంత తగ్గాయా అని కొట్లాడుకునేవాళ్లూ ఉన్నారు. మంచిదే, ఆ కొట్లాట జరగాలి. అవి లెక్కగట్టడమంటే సర్వేలు, బడ్జెట్ పద్దులు, బీమా కంపెనీల లెక్కలు కలిపి ఏళ్ల తరబడి చేసే పని. చేసినవాళ్ల పేర్లు నాకు తెలియదు, మీకూ తెలియదు. అది ప్రభుత్వ నివేదిక. నేనిచ్చే సర్టిఫికెట్‌లో దానికి కాలమ్ లేదు.

ఆరోగ్యశ్రీనే తీసుకోండి. విక్టోరియా ఫాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ఒక పేపరు రాశారు. పథకం మొదలైన తొలి తొమ్మిది నెలల్లోనే ఆస్పత్రిలో చేరినప్పుడు జనం సొంతంగా పెట్టే ఖర్చు తగ్గిందని జాతీయ సర్వే లెక్కలతో తేల్చారు. ఆ పేపరుకు సైటేషన్లున్నాయి, ఉండాలి కూడా. అయితే అది ఎంతమంది ఎత్తిచూపితే అంత విలువైనదా? 2023 డిసెంబరులో తెలంగాణలో ఈ పథకం కింద వైద్య ఖర్చు పరిమితి 10 లక్షలకు పెంచినప్పుడు, ఆ నిర్ణయం వెనక ఏ పేపరు ఎంత పనిచేసిందో ఏ డేటాబేసూ చెప్పలేదు. పరిశోధన ప్రభుత్వంలోకి ఫుట్‌నోటుతో పోదు. ఎవరో ఒక ఐఏఎస్ అధికారి శిక్షణలో విన్న మాటగా పోతుంది, ఒక పాత విద్యార్థి సెక్రటేరియట్‌లో ఉంటే అతని నోట్‌ఫైలులోంచి పోతుంది.

మా మేడం ఏటా ఎంఏ పిల్లల్ని తీసుకుని ఆస్పత్రుల డిశ్చార్జి కౌంటర్ల దగ్గర కూర్చోబెడతారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. బిల్లు ఎంతైందని అడగరు, అది కంప్యూటరు చెబుతుందిగా. పక్కన ఉన్న మనిషిని అడుగుతారు: ఎన్ని రోజుల కూలి పోయింది, ఆటోకెంత, మెతుకుకెంత, బయట మెడికల్ షాపులో ఎంత, అప్పు ఎవరి దగ్గర, మిత్తి ఎంత. ఒక పెద్దామె వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయి చివర, "మేకలు రెండు అమ్మినం బిడ్డా, అది ఖర్చుల రాస్తరా?" అంది. రాసుకునే అమ్మాయి మేడం వైపు చూసింది. ఫారంలో మేకలకు గడి లేదు. మేడం పెన్ను తీసుకుని అంచున రాశారు. మరుసటి ఏడాది ఫారంలో "అమ్మిన పశువులు" అనే గడి వచ్చింది. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇవాళ ప్రభుత్వ సర్వేల్లో పనిచేస్తున్నారు. ఆ గడి వాళ్లతో పాటు వెళ్లిందో లేదో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు.

ఇంతా చెప్పి అంకెలు ఎత్తేయమంటానా? అనను. ఇక్కడ నన్ను తిట్టేవాళ్లుంటారని తెలుసు. అంకె లేని రోజులు నేను చూశాను. ఇంటర్వ్యూ బోర్డులో మొదటి ప్రశ్న "ఎవరి స్టూడెంటువి?", అడగని ప్రశ్న "ఎవరి మనిషివి?". ఊరి పేరు, ఇంటిపేరు వినగానే కులం లెక్క తేలిపోయేది. చదువుకున్న మొదటి తరం పిల్లవాడు, సిఫార్సు లేనివాడు, ఆ గదిలోకి వెళ్లి తన పనిని చూపించడానికి ఆధారంగా ఈ ప్రింటవుట్ పనికొచ్చింది. "నాకు పన్నెండుంది, మీరు తీసుకున్నాయనకు నాలుగు" అని సమాచార హక్కు కింద అడిగి కోర్టు దాకా వెళ్లిన మనిషికి సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. కాబట్టి అన్యాయాన్ని పట్టుకోవడానికి అంకె కావాలి. తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య గీత గీయడానికి అది చాలదు.

మరి గీత ఎలా గీయాలి? దానికీ ఆస్పత్రివాళ్ల దగ్గరే ఒక పద్ధతుంది. ఒక చావు మీద అనుమానం వస్తే ఆడిట్ పెడతారు. ఆ ఆడిట్‌లో ఎన్ని ఆపరేషన్లు చేశావని అడగరు. కేస్ షీట్ తెరిచి మొదటి పేజీ నుంచి చదువుతారు. ఏ రోజు ఏ మందు, ఎందుకు? కమిటీలోని ముగ్గురూ ముందు రోజు రాత్రి కూర్చుని అభ్యర్థి తాను రాసినవాటిలో తనకు నచ్చినవని చూపించిన రెండు పేపర్లు చదివి రావచ్చు. దీనికి రెండు మూడు గంటలు పడుతుంది. ఈ మాట ఒక పెద్దాయనతో అంటే, "పదిహేను మంది క్యాండిడేట్లకు ముప్ఫై పేపర్లు ఎవడు చదువుతాడండీ?" అన్నారు. ప్రొఫెసర్ పోస్టు అంటే ఇరవై ఏళ్ల జీతం, వందల మంది పిల్లలు. ముప్ఫై పేపర్లు ఎక్కువా?

ఆ కమిటీలో మేడం సంగతి ఏం తేలిందో నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. గది బయట బోర్డు మాత్రం ఇంకా పాతదే.

నేను చేయగలిగింది ఒకటి చేశాను. సర్టిఫికెట్ నమూనాలో అంకెల కింద రెండు లైన్లు కలిపాను: "ఒకే వ్యక్తి పేపర్లు వేర్వేరు పేర్ల కింద విడిపోయి ఉండవచ్చు. ప్రభుత్వ నివేదికలు, తెలుగులో రాసినవి ఈ లెక్కలో చేరవు." పైనుంచి ఎవరూ వద్దనలేదు, అంటే చదవలేదనుకుంటాను. మా అటెండరు ఒక్కడే గమనించాడు. "ఏందో రెండు లైన్లు ఎక్కువైనయ్ సార్. స్టాంపుకు జాగ లేదు." ఇప్పుడు స్టాంపు పక్కకు జరిపి, అంకె మీద కొంచెం పడేలా కొడుతున్నాం.